షంటింగ్‌కు టెర్మినల్ ట్రాక్టర్: ఒక యార్డు డ్రైవర్ రివ్యూ

సత్యవేడు దగ్గర మా గోడౌన్‌లో ట్రైలర్లు లాగడానికి ఇన్నాళ్లూ ఒక పాత ప్రైమ్ మూవర్, అంటే రోడ్డు మీద ట్రైలర్లు లాగే లారీ, ఉండేది. దాన్ని పక్కన పెట్టి టెర్మినల్ ట్రాక్టర్ తెచ్చారు, యార్డు లోపల ట్రైలర్లు జరపడానికే చేసిన చిన్న బండి అది. కత్తెర ఎండల్లోనూ, కార్తీకం వానల్లోనూ, పగలు షిఫ్టులోనూ, రాత్రి షిఫ్టులోనూ దీన్ని తోలాను. మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి బండి కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న గోడౌన్ వాళ్లకు, ఊళ్ల మధ్య తిరిగే లైన్ బండి మానేసి యార్డు పనిలోకి రావాలనుకునే డ్రైవర్లకు ఇది పనికొస్తుంది.

బండి కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం బండ్లు ఎవరు చేసినా పని చేసే పద్ధతి దాదాపు ఒకటే. నేను చెప్పేది ఆ రకం గురించి. లోపాలు మాత్రం మా బండిలో నేను చూసినవే చెబుతాను.

యార్డు పని ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. చెన్నై, ఎన్నూరు, కాటుపల్లి ఓడరేవుల నుంచి కంటైనర్ ట్రైలర్లు వస్తాయి. లైన్ డ్రైవర్ గేటు దగ్గర కాగితాలు చూపించి, సీలు నంబరు సరిచూపించి, ట్రైలర్‌ను లోపల ఒక చోట వదిలేస్తాడు. ఖాళీ అయిన ఇంకో ట్రైలర్ తగిలించుకుని వెళ్లిపోతాడు. అక్కడి నుంచి ఆ ట్రైలర్ బాధ్యత మాది. ఏది ఏ డాక్‌కు (సరుకు దించే, ఎక్కించే గట్టుకు) పోవాలి, ఏది ఆగాలి, ఏది ఖాళీ అయింది, ఏది సీలు వేసి గేటుకు తేవాలి అని వాకీటాకీలో చెబుతుంటారు, మేము తీసుకెళ్లి పెడుతుంటాం. దీన్నే షంటింగ్ అంటాం. షిఫ్టు మొత్తం తోలినా కాంపౌండ్ గోడ దాటం. కానీ లైన్‌లో వారమంతా కలిపి చేసే రివర్సు యార్డులో ఒక పూటలోనే అయిపోతుంది. ట్రైలర్ తగిలించడం, విప్పడం కూడా అంతే. ఈ బండి విలువ తెలియాలంటే ఆ తగిలించడం, విప్పడం దగ్గరే చూడాలి.

ప్రైమ్ మూవర్ రోడ్డు కోసం చేసిన బండి. వెనక పడుకోవడానికి బెర్త్ ఉంటుంది, క్యాబిన్ ఎత్తులో ఉంటుంది, ఎక్కాలంటే మెట్లు పట్టుకుని ఎక్కాలి. చెన్నై నుంచి పూణే పోయేవాడికి అది బాగుంటుంది, ఎందుకంటే ఎక్కితే మళ్లీ దిగేది ఏ టీ కొట్టు దగ్గరో. అదే బండిని యార్డులో పెడితే కథ మారిపోతుంది. ట్రైలర్ కిందకు రివర్సు పోవాలి. బండి వెనక ఉండే ఫిఫ్త్ వీల్ అనే ఇనుప ప్లేటులో, ట్రైలర్ ముక్కు కింద ఉండే కింగ్ పిన్ అనే ఇనుప కడ్డీ పడి లాక్ అయిందా అని ముందుకు ఒకసారి లాగి చూడాలి. దిగాలి. ఎయిర్ పైపులు రెండు, కరెంటు కేబుల్ ఒకటి తగిలించాలి. తర్వాత ల్యాండింగ్ లెగ్స్, అంటే విప్పిన ట్రైలర్ నిలబడే ఇనుప కాళ్లు, వాటి హ్యాండిల్ తిప్పి పైకి లేపాలి. చక్రాల దగ్గర అడ్డు చెక్కలు తీయాలి. మళ్లీ ఎక్కాలి. డాక్‌కు పెట్టాక ఇదంతా తిరగేసి చేయాలి.

ఆ హ్యాండిల్ గురించి డ్రైవర్లకే తెలుసు. దానికి రెండు గేర్లు ఉంటాయి. ఖాళీ ట్రైలర్ అయితే హై గేర్‌లో గబగబా తిరుగుతుంది. లోడు ఉంటే లో గేర్ వేయాలి. అప్పుడు ఎన్ని చుట్లు తిప్పినా కాలు అంగుళం అంగుళంగానే కదులుతుంది. మామిడి సీజన్‌లో చిత్తూరు, బంగారుపాళ్యం వైపు ఫ్యాక్టరీల నుంచి తోతాపురి గుజ్జు డ్రమ్ములు వస్తాయి. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు ఉంటుంది. 20 అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు పడతాయి. అంటే గుజ్జు ఒక్కటే 17 టన్నులు దాటుతుంది. డ్రమ్ముల బరువు, కంటైనర్ బరువు దానికి తోడు. అంత బరువు కాళ్ల మీద నిలబడి ఉన్నప్పుడు ఆ హ్యాండిల్ తిప్పితే భుజం కీలు దగ్గర మొదలైన నొప్పి మెడదాకా పోతుంది. జూన్, జూలై నెలల్లో మా యార్డులో జండూబామ్ వాసన రాని షిఫ్టు ఉండేది కాదు. నేను పుత్తూరు వైపు వాడిని. మా ఊళ్ల పక్కనే కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అక్కడికి వెళ్లినప్పుడల్లా భుజం పట్టుకుని కూర్చున్న లారీ డ్రైవర్ ఒకరైనా కనిపించేవాడు.

టెర్మినల్ ట్రాక్టర్‌లో ఈ కష్టం చాలావరకు పోయింది. ఇందులో ఫిఫ్త్ వీల్ కింద హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి. ట్రైలర్ కిందకు పోయి, లాక్ పడ్డాక, క్యాబిన్‌లో లివర్ లాగితే ఫిఫ్త్ వీలే పైకి లేస్తుంది. ఎద్దుబండి కాడి ఎత్తినట్టు ట్రైలర్ ముక్కు లేస్తుంది, కాళ్లు నేల వదులుతాయి. ఇక కాళ్లు తిప్పి మడవాల్సిన పని లేదు. అలాగే తీసుకుపోయి డాక్ దగ్గర దించేస్తే కాళ్లు మళ్లీ నేల మీద కూర్చుంటాయి. లాక్ విప్పడం కూడా లోపల నుంచే, ఒక స్విచ్‌తో. క్యాబిన్ వెనక జారుడు తలుపు ఉంటుంది. దాన్ని తెరిస్తే నేరుగా వెనక ప్లాట్‌ఫారం మీదకు అడుగు పెట్టవచ్చు. ఎయిర్ పైపులు అక్కడ నిలబడే తగిలించవచ్చు. అమెరికాలో ఇలాంటి బండ్లు 1950ల చివర్లోనే తయారు చేశారు. మన వైపు ఓడరేవుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, గోడౌన్లకు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి.

గేర్లు ఆటోమేటిక్. క్లచ్ లేదు. యార్డులో క్లచ్ ఎంత తొక్కాలో తోలినవాడికి చెప్పనక్కర్లేదు. డాక్ రబ్బరుకు ఆనించే చివరి అడుగు దూరంలో సగం క్లచ్ మీదే బండి ఆడించాలి. ఎడమ మోకాలు అక్కడే అరిగేది. ఇందులో బ్రేకు మీద కాలు కొంచెం కొంచెం వదులుతుంటే బండి తనంతట తాను మెల్లగా పాకుతుంది. మొదటి వారం పాత అలవాటుతో ఎడమ కాలు క్లచ్ వెతుకుతూనే ఉంటుంది, అందరికీ అంతే. అలవాటయ్యాక పాత బండి ఎక్కాలంటే మనసు రాదు.

వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, చిన్నది కాబట్టి మలుపు బాగా తిరుగుతుంది. మా యార్డులో డాక్‌లకు ఎదురుగా కాంపౌండ్ గోడ దగ్గరగా ఉంది. 40 అడుగుల ట్రైలర్‌ను ప్రైమ్ మూవర్‌తో డాక్‌కు పెట్టాలంటే ముందుకు, వెనక్కు ఆడించుకుంటూ సరిచేసుకోవాలి. దీనితో చాలాసార్లు ఒకే ఊపులో పోతుంది. చుట్టూ అద్దాలు, వెనక కూడా పెద్ద అద్దం ఉండటంతో ఫిఫ్త్ వీల్ కళ్ల ముందే కనిపిస్తుంది. క్యాబిన్ ఒకరికే, ఒక పక్కకు ఉంటుంది. మాది కుడి పక్క. కుడివైపు రివర్సు కొట్టేటప్పుడు ట్రైలర్ చివరి చక్రందాకా కనపడుతుంది. ఎడమవైపు కొట్టేటప్పుడు మాత్రం పాత బండి కంటే పెద్ద తేడా లేదు. ట్రైలర్ మడిచిన కొద్దీ ఎడమ అద్దంలో కంటైనర్ గోడ తప్ప ఇంకేమీ కనపడదు. అందుకే హెల్పర్ ఉండాల్సిందే. ఈ బండి వస్తే హెల్పర్ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బండి దిగే పని తగ్గించింది. దిగినప్పుడు మేము చూసే పని కూడా దానితోపాటే తగ్గిపోయే ప్రమాదం ఉంది. నాకు ఈ బండిలో అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ ఇదే.

పాత పద్ధతిలో కాళ్లు తిప్పడానికి ఎలాగూ దిగేవాళ్లం. వంగి హ్యాండిల్ తిప్పుతున్నప్పుడే కింగ్ పిన్ సరిగ్గా పడిందా, ఫిఫ్త్ వీల్‌కూ ట్రైలర్ ప్లేటుకూ మధ్య సందు ఉందా అనేది కంట్లో పడేది. టైరు ఒకటి గాలి దిగి ఉంటే తెలిసేది. ఎక్కడైనా గాలి లీకయితే బుస్సుమని వినిపించేది. ఎవరూ నేర్పకుండానే అది ఒక చెకింగ్ అయిపోయింది. ఇప్పుడు క్యాబిన్‌లో కూర్చునే అంతా అయిపోతుంటే, ఆ చెకింగ్‌ను మనం గుర్తుపెట్టుకుని చేయాలి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, లైన్ డ్రైవర్లు ట్రైలర్ వదిలేటప్పుడు కాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఎత్తులో పెట్టి పోతారు. కాళ్లు ఎక్కువ ఎత్తులో ఉంటే ట్రైలర్ ముక్కు కూడా ఎత్తులో ఉంటుంది. మనం ఫిఫ్త్ వీల్‌ను పూర్తిగా దించి వెనక్కు పోతే కింగ్ పిన్ దాన్ని పట్టి లాక్ చేసే దవడల్లో పడకుండా వాటి మీదుగా దాటిపోవచ్చు. దీన్ని హై హిచ్ అంటారు. అప్పుడు ఏమవుతుందంటే, లివర్ లాగితే ట్రైలర్ లేస్తుంది. కింద ప్లేటు ఆనుకుని ఉంది కదా, లేవకుండా ఎందుకుంటుంది? కాళ్లు నేల వదులుతాయి, పైపులు తగులుతాయి, బండి కదులుతుంది. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. మలుపులోనో, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడో ట్రైలర్ జారుతుంది. వెనక్కు జారితే ముక్కు నేలకు కొడుతుంది, ముందుకు జారితే క్యాబిన్ వెనక అద్దం మీదకే వస్తుంది.

మా బండిలో లాక్ పడితే పచ్చ లైటు వెలుగుతుంది. మంచిదే. కానీ ఆ లైటు సెన్సర్ చెప్పినట్టు వెలుగుతుంది. సెన్సర్ ఉండేది ఫిఫ్త్ వీల్ కింద, గ్రీజు, దుమ్ము, వాననీళ్ల మధ్య. ఒక రాత్రి షిఫ్టులో ట్రైలర్ కిందకు పోయినప్పుడు శబ్దం నాకు తేడాగా వినిపించింది. లాక్ పడితే ఒక గట్టి టక్ మని వస్తుంది, అది రాలేదు. లైటు మాత్రం పచ్చగా ఉంది.

"న్నా, లైటు పడింది కదా, లేపు" అన్నాడు మా హెల్పర్ పిల్లోడు.

"లైటు సంగతి తర్వాత, నువ్వు టార్చి ఏసి చూడప్పా" అన్నాను.

వాడు పక్కనుంచి వంగి చూసి, "న్నా, సందు ఉందినా, చెయ్యి పట్టేంత ఉంది" అన్నాడు. ముందుకు వచ్చి, హ్యాండిల్ లో గేర్‌లో తిప్పి ట్రైలర్ ముక్కు కిందకు దించుకుని, మళ్లీ పోయి తగిలించాం. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ప్లేటుకు ఆనేంతవరకు కొంచెం లేపి, అప్పుడు వెనక్కు పోవాలి. లాక్ పడ్డాక ట్రైలర్ బ్రేకు మీద ఉండగానే ముందుకు లాగి చూడాలి. తర్వాత ఒక్కసారి దిగి టార్చితో దవడలు చూడాలి. అయ్యాకే పూర్తిగా లేపాలి. వెనక తలుపులో నిలబడి చూస్తే సందు కనపడుతుంది కానీ దవడలు పూర్తిగా మూసుకున్నాయో లేదో కనపడదు. దానికి కిందకు దిగాల్సిందే. అడ్డు చెక్కలు తీయడానికి ఎలాగూ ఒకరు దిగుతారు కాబట్టి ఇది పెద్ద ఆలస్యం కాదు.

ఈ మాట దగ్గరే గోడౌన్ నడిపేవాళ్లతో నాకు పేచీ. బండి వచ్చిన కొత్తలో, ఇప్పుడు దిగే పని లేదు కదా, షిఫ్టుకు ఇంకొన్ని ఎక్కువ ట్రైలర్లు తీయవచ్చు కదా అన్నారు. తీయవచ్చు, నిజమే. పని తొందరగా అవుతుంది. కానీ మిగిలిన సమయమంతా ట్రైలర్ల లెక్కలోకే పోతే డ్రైవర్ చూడటం మానేస్తాడు. మిగిలిన దాంట్లో కొంత మా ఒంటికి, కొంత చెకింగ్‌కు వదలాలి. నేను ఇది సూపర్‌వైజర్‌తో నేరుగా చెప్పాను: "సార్, టార్చి వేసి చూసే నిమిషం లెక్కలో నుంచి తీసేయండి, మిగతా స్పీడు నేను చూసుకుంటాను." మొదట ముఖం మాడ్చుకున్నా, తర్వాత ఒప్పుకుని గోడ మీద ఆ వరస రాయించి పెట్టారు. బండితో పాటు ఈ పద్ధతి కూడా రాకపోతే, ఈ బండి కొనవద్దనే నేను చెబుతాను.

డాక్ దగ్గర ఇంకో సంగతి ఉంది. దీని గురించి బండి అమ్మేవాళ్లు చెప్పరు. పాత రోజుల్లో చాలాసార్లు ప్రైమ్ మూవర్ ట్రైలర్ కిందే ఉండగా లోడు దించేవాళ్లు. ఇప్పుడు బండి ఒకటే అన్ని ట్రైలర్లూ లాగుతుంది కాబట్టి ప్రతి ట్రైలర్‌నూ వదిలేసి పోతాం, అది కాళ్ల మీదే నిలబడుతుంది. ఆ కాళ్లు ట్రైలర్ ముక్కుకు కొంత వెనకగా ఉంటాయి. ఫోర్క్‌లిఫ్ట్ సరుకుతో సహా కంటైనర్ ఆ చివరిదాకా వెళ్తే బరువు కాళ్లకు ముందు పడుతుంది. వెనక సరుకు ఖాళీ అయిపోయి ముందు మాత్రమే మిగిలిన సమయంలో ట్రైలర్ ముక్కు మీద వాలిపోయే అవకాశం ఉంది. లోపల ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి ఉంటాడు. దీనికి మందు ట్రైలర్ ముక్కు కింద పెట్టే ఇనుప స్టాండ్లు. బండి కొనే రోజే ఎన్ని డాక్‌లుంటే అన్ని స్టాండ్లు కొనాలి. మా దగ్గర మొదట కొన్నే తెచ్చారు, గట్టిగా అడిగాక మిగతావి వచ్చాయి.

అలాగే డాక్ లోపల ఫోర్క్‌లిఫ్ట్ ఉండగా ట్రైలర్ కదలడం. యార్డుల్లో ఇంతకంటే భయపడాల్సింది ఇంకొకటి లేదు. తగిలించడం తేలికైన కొద్దీ పొరపాటున తగిలించేసుకుని కదిలిపోవడం కూడా తేలికే. మా డాక్‌లలో ట్రైలర్ పెట్టగానే ఎర్ర ఎయిర్ పైపు తగిలించే మూతికి తాళం వేస్తారు. తాళంచెవి డాక్ ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది. పని అయిపోయాక ఆమె వచ్చి తీస్తేనే నాకు గాలి, గాలి ఉంటేనే ట్రైలర్ బ్రేకు వదులుతుంది. మంచి పద్ధతి. పాత ట్రైలర్లలో స్ప్రింగ్ బ్రేకు (గాలి లేకపోయినా స్ప్రింగు బలంతో పట్టి ఉంచేది) లేనివి కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. వాటికి ట్యాంకులో గాలి దిగిపోతే బ్రేకు కూడా వదిలేస్తుంది. వాటి విషయంలో తాళం మీద ఆధారపడకూడదు, చక్రాలకు రెండు పక్కలా చెక్కలు పడాల్సిందే.

ఎత్తు చూసుకోవాలి. మామూలు కంటే ఎత్తుగా ఉండే హై క్యూబ్ కంటైనర్ ఎత్తే 2.9 మీటర్లు. కింద ట్రైలర్ ఎత్తు కలిపితే నాలుగు మీటర్లు ఎక్కడికో దాటిపోతుంది. దాని మీద ఫిఫ్త్ వీల్ పూర్తిగా లేపితే ముందు భాగం ఇంకా పైకి పోతుంది. మా గేటు దగ్గర వానకు వేసిన రేకుల షెడ్డు కింద రోడ్డు బండి హాయిగా దూరిపోతుంది. ఇదే ట్రైలర్ ఈ బండితో పూర్తిగా లేపి పోతే దూలానికి తగులుతుంది. కాళ్లు నేల వదిలేంత లేపితే చాలు. యార్డు నేల గుంతలుగా ఉంటే మాత్రం అంతతో సరిపోదు, కాళ్లు తగులుతాయి. అందుకే కొనేముందు నేల చూసుకోవాలి. కాంక్రీటు వేసిన చోట ఈ బండి బ్రహ్మాండంగా పోతుంది. ఎర్రమట్టి, కంకర పోసిన చోట వానాకాలంలో ఇబ్బంది పెడుతుంది. చిన్న బండి, బరువు తక్కువ, ముందు ట్రైలర్ బరువు పడేదాకా వెనక చక్రాలకు పట్టు ఉండదు. మా యార్డు చివర మట్టిలో వదిలిన ఖాళీ ట్రైలర్లను వానల్లో తీయడానికి అవస్థ పడ్డాం. తర్వాత ఆ మూల కూడా కాంక్రీటు వేశారు.

వాన అంటే ఇంకో మాట. వెనక ప్లాట్‌ఫారం మీద ఫిఫ్త్ వీల్ గ్రీజు పడుతూనే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దంచుతాయి కదా. గ్రీజు మీద నీళ్లు పడితే అక్కడ కాలు నిలవదు. మా బండికి గరుకు రేకు ఉంది కానీ దాని గళ్లల్లో గ్రీజు నిండిపోతుంది. షిఫ్టు మొదట్లో రంపపు పొట్టు చల్లి తుడిపించే అలవాటు చేసుకున్నాం. పట్టుకోవడానికి రెయిలింగ్ ఒక పక్కే ఇచ్చారు, రెండో పక్క కూడా ఉండాలి. ఇది కంపెనీవాళ్లు దిద్దుకోవాల్సిన లోపం.

ఎండ సంగతి. చుట్టూ అద్దాలు కావడం వల్ల ఎంత బాగా కనపడుతుందో అంత బాగా ఎండ కూడా లోపలికి వస్తుంది. రోడ్డు మీద పోతుంటే గాలి తగులుతుంది. యార్డులో గంటకు పది, పదిహేను కిలోమీటర్లు దాటం, గాలి ఎక్కడిది? ఇంజను వేడి కాళ్ల దగ్గరే ఉంటుంది. మా బండికి ఏసీ ఉంది కాబట్టి మే నెల గడిచింది. వెనక తలుపు తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది, అయినా ఏసీ లేని క్యాబిన్ కంటే వెయ్యి రెట్లు నయం. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. యార్డు బండి కొనేవాళ్లు అది దీనికీ దానంతటదే వస్తుందని అనుకోవద్దు, విడిగా అడిగి, ఆర్డరులో రాయించుకోండి.

సీటు బాగుంది. కింద గాలి బెలూన్ ఉంది, గతుకు తెలియదు. కానీ యార్డు డ్రైవర్ సగం సమయం వెనక్కే చూస్తాడు. కొన్ని బండ్లలో సీటు కొంచెం పక్కకు తిరుగుతుంది, మాదాంట్లో తిరగదు. మోకాలి నొప్పి తగ్గింది, మెడ నొప్పి అలాగే ఉంది. రివర్సు హారన్ రాత్రిపూట చెవుల్లో మోగుతూనే ఉంటుంది. హారన్ ఉండాల్సిందే, మనుషులు నడుస్తుంటారు. చెవులకు పెట్టుకునే ప్లగ్గులు మాత్రం గోడౌన్ వాళ్లే ఇవ్వాలి.

రిపేరు గురించి కొంచెం ఆలోచించి అడుగు వేయండి. మామూలు ప్రైమ్ మూవర్ ఆగిపోతే తడ రోడ్డు మీదో, సూళ్లూరుపేటలోనో ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు, సామాను కూడా దొరుకుతుంది. దీని ఇంజను పని వాళ్లు చేయగలరు. లిఫ్టు హైడ్రాలిక్ హోసు పగిలితే, గేర్‌బాక్సు తప్పు చూపిస్తే చెన్నై నుంచి సర్వీసు మనిషి రావాలి. ఒకసారి హోసు పగిలి, ఫిఫ్త్ వీల్ లేవక, పాత ప్రైమ్ మూవర్‌ను మళ్లీ బయటకు తీశాం. మా దగ్గర అది ఉంది కాబట్టి పని ఆగలేదు. దాన్ని అమ్మేసి ఉంటే డాక్‌లు ఖాళీగా ఉండేవి. ఒకటే టెర్మినల్ ట్రాక్టర్ కొనేవాళ్లు పాత బండిని ఉంచుకోండి. హోసులు, సీళ్లు ఒక సెట్టు స్టోర్‌లో పెట్టుకోండి. సర్వీసు కిలోమీటర్లు చూసి చేస్తామంటే కుదరదు, కిలోమీటర్లు పెరగవు, ఇంజను మాత్రం గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అవర్ మీటర్ చూసి చేయించాలి. డీజిల్ లెక్క కూడా గంటకు ఎంత అనే చూడాలి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే సమాధానం ఉండదు.

ఇంకో ముఖ్యమైన సంగతి చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలో 2(28) సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీలోనో, ఆవరణ లోపలో మాత్రమే వాడేలా ప్రత్యేకంగా చేసిన బండి మోటారు వాహనం కిందకు రాదు. అలా రిజిస్ట్రేషన్ లేకుండా తెచ్చిన బండి కాంపౌండ్ లోపలే తిరగాలి. మీకు రోడ్డుకు ఇవతల ఒక గోడౌన్, అవతల ఒక గోడౌన్ ఉంటే, మధ్యలో ఉన్నది పబ్లిక్ రోడ్డు అయితే, దీంతో దాటించకూడదు. ఇంతే కదా దూరం, రెండు నిమిషాల పని అని సూపర్‌వైజర్ చెప్పినా డ్రైవర్ ఒప్పుకోవద్దు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు మొదలు కేసుదాకా నీ మీదకే వస్తుంది.

లైన్ నుంచి యార్డుకు రావాలనుకునే అన్నలకు, తమ్ముళ్లకు: బత్తా ఉండదు, ట్రిప్పు డబ్బులు ఉండవు, జీతమే. నెల చివర చేతికి వచ్చేది లైన్ కంటే తక్కువే. కానీ రోజూ ఇంటికి పోతావు. పిల్లల స్కూలు మీటింగుకు పోవచ్చు. రాత్రి షిఫ్టులు తప్ప నిద్ర సక్రమంగా ఉంటుంది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు మాత్రం పోగొట్టుకోవద్దు. 2019 సవరణ తర్వాత అది ఐదేళ్లకు ఒకసారి రెన్యువల్. కాంపౌండ్ లోపలే కదా తోలేది అని వదిలేస్తే, రేపు ఈ పని మానేసిన రోజు మళ్లీ మొదటికి వస్తుంది. లైన్‌లో బాగా తోలేవాడు యార్డులో కూడా బాగా తోలతాడని ఏమీ లేదు. ఇక్కడ చేయి తొందర పనికిరాదు. ఓపిక, చూపు, హెల్పర్‌తో మాట కలవడం కావాలి. "రానీ, రానీ, ఆపు" అనే మాటకు ఆపు అన్న చోటే ఆగాలి.

కొనాలనుకునే గోడౌన్ వాళ్లు డెమో అడగండి. బండి అమ్మేవాళ్లు తమ డ్రైవర్‌తో పగటిపూట, ఖాళీ ట్రైలర్‌తో, ఎండిన కాంక్రీటు మీద చూపిస్తారు. అది చాలదు. మీ యార్డులో అన్నింటికంటే ఇరుకైన డాక్‌కు, నిండు లోడు ట్రైలర్‌తో, చీకటి పడ్డాక పెట్టించండి. తోలేది వాళ్ల మనిషి కాకూడదు, రోజూ ఆ పని చేసే మీ డ్రైవర్ తోలాలి. అందులోనూ రాత్రి షిఫ్టు డ్రైవర్‌ను పిలవండి. దవడల మీద వెలుతురు పడేలా వెనక లైట్లు ఉన్నాయా అని ఆయన్నే అడగండి. మాకు ఒక లైటే వచ్చింది. రెండోది సూళ్లూరుపేటలో వేయించుకున్నాం, ఇప్పుడు దవడలు బాగా కనపడుతున్నాయి.